ఎక్లిప్స్ గుండె బరువు: 1764లో పుట్టిన ఒక రేసు గుర్రం కేస్ స్టడీ

ఏ కేసు రాసినా గుర్తింపు వివరాలతోనే మొదలుపెడతాం కాబట్టి ఇక్కడా అలాగే మొదలుపెడతాను. పేరు ఎక్లిప్స్. మగ గుర్రం, విత్తులు తీయనిది. రంగు చెస్ట్‌నట్, అంటే రాగి వన్నె. నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లని చార ఉండేది, కుడి వెనక కాలు కింది భాగమంతా తెలుపు. పుట్టింది 1764 ఏప్రిల్ 1న, ఇంగ్లండులోని విండ్సర్ గ్రేట్ పార్కులో, క్రాన్‌బోర్న్ లాడ్జ్ అనే చోట. ఆ రోజు సూర్యగ్రహణం పట్టింది కాబట్టి ఆ పేరు పెట్టారు. మొదటి పందెం 1769 మే 3న ఎప్సమ్‌లో, చివరి పందెం 1770లో. మొత్తం 18 పందేలు పరుగెత్తి పద్దెనిమిదీ గెలిచింది. 1789 ఫిబ్రవరి 27న కడుపు శూలతో చనిపోయింది, అప్పటికి దానికి 25 ఏళ్ళు నిండడానికి నెల రోజులు మాత్రమే తక్కువ.

హైదరాబాదులో రేసు గుర్రాలకు వైద్యం చేసేవాడిగా ఈ కేసు రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. కారణం, ఓనర్లు నన్ను తరచూ అడిగే ఒక ప్రశ్న. కొత్తగా కొన్న రెండేళ్ళ పిల్లను పరీక్ష చేస్తుంటే పక్కన నిలబడి, "డాక్టర్ గారూ, దీని గుండె పెద్దదేనా?" అంటారు. పెద్ద గుండె ఉంటే గుర్రం గెలుస్తుందన్న నమ్మకం ఈ రంగంలో అంత లోతుగా పాతుకుపోయింది. ఆ నమ్మకానికి తొలి సాక్ష్యంగా చెప్పుకునేది ఈ ఎక్లిప్స్ గుండెనే. అందుబాటులో ఉన్న ఆధారాలన్నీ వరుసగా పెట్టుకుని చూస్తే, ఈ గుర్రం ఓటమి ఎరగకపోవడానికి గుండెకు మనం ఇచ్చినంత ఘనత ఇవ్వనక్కరలేదనీ, దాని శరీరంలో ఏ ఒక్క భాగమూ అసాధారణం కాదనీ, ఆ శరీరం ఎదిగే దాకా ఆగిన మనుషుల పాత్ర మనం ఒప్పుకునే దానికన్నా ఎక్కువనీ నాకు అనిపిస్తుంది.

పుట్టుక, వంశం

దీన్ని పుట్టించినవాడు కంబర్లాండ్ డ్యూక్ విలియం, రెండో జార్జి రాజు కొడుకు. 1746లో కలోడెన్ యుద్ధంలో స్కాట్లండు తిరుగుబాటుదారులను అణచిన తీరుకు "కసాయి" అన్న పేరు తెచ్చుకున్న మనిషి ఈయనే. యుద్ధాల నుంచి తప్పుకున్న తరువాత ఆయన గుర్రాల పెంపకం మీద పడ్డాడు. ఆ పనిలో ఆయన చేతికి దక్కినంత ఫలితం ఆ శతాబ్దంలో మరొకరికి దక్కిందని చెప్పడం కష్టం. 1758లో హెరాడ్ అనే మగ గుర్రాన్ని, ఆరేళ్ళ తరువాత ఎక్లిప్స్‌ను పుట్టించాడు. థరోబ్రెడ్ అనే రేసు గుర్రాల జాతికి మూలస్తంభాలుగా చెప్పే మూడు మగ వంశాలలో రెండు ఒకే మనిషి కొట్టాల నుంచి వచ్చాయన్నమాట. ఆయన మాత్రం ఎక్లిప్స్ పరుగెత్తడం చూడలేదు. గుర్రానికి ఏడాదిన్నర వయసున్నప్పుడు, 1765 అక్టోబరులో, చనిపోయాడు.

తండ్రి మార్స్క్, తల్లి స్పిలెట్టా. మార్స్క్ నుంచి వెనక్కి వెళితే స్క్వర్ట్, బార్ట్‌లెట్స్ చిల్డర్స్, ఆపైన డార్లీ అరేబియన్. ఈ డార్లీ అరేబియన్‌ను సిరియాలోని అలెప్పోలో వ్యాపారం చేసుకునే థామస్ డార్లీ అనే ఆంగ్లేయుడు 1704లో ఇంగ్లండుకు పంపాడు. తల్లి స్పిలెట్టా రెగ్యులస్ కూతురు, గొడాల్ఫిన్ అరేబియన్ మనవరాలు. అంటే తూర్పు నుంచి వచ్చిన రెండు పేరున్న మగ గుర్రాల రక్తం, చెరొక వైపు నుంచి, ఈ పిల్లలో కలిసింది.

తండ్రి విషయంలో ఆ రోజుల్లోనే ఒక వివాదం ఉండేది. స్పిలెట్టాను షేక్‌స్పియర్ అనే మరో గుర్రానికి కూడా కట్టారని, అసలు తండ్రి అదేనని కొందరు వాదించారు. వంశావళి పుస్తకాలు మార్స్క్‌నే అంగీకరించాయి. ఇప్పుడైతే ప్రతి పిల్లకూ డీఎన్‌ఏ పరీక్ష చేసిన తరువాతే స్టడ్ బుక్‌లో, అంటే జాతి వంశావళి పుస్తకంలో, పేరు ఎక్కుతుంది. అప్పట్లో కొట్టం మేస్త్రీ మాటే రికార్డు. జనరల్ స్టడ్ బుక్ తొలి రూపం వెలువడింది కూడా ఎక్లిప్స్ పోయిన రెండేళ్ళకు, 1791లో.

చేతులు మారిన తీరు

డ్యూక్ చనిపోయాక ఆయన గుర్రాలన్నీ వేలానికి వచ్చాయి. ఎక్లిప్స్‌ను 75 గినీలకు (గినీ అంటే ఆనాటి ఇంగ్లీషు బంగారు నాణెం) కొన్నది విలియం వైల్డ్‌మన్. ఈయన ప్రభువు కాదు, లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్ సంతలో పశువుల వ్యాపారి. ఆయన వేలానికి చేరుకునేసరికి ఆ పిల్లను ఎవరికో కొట్టేశారని, తన గడియారం తీసి చూపించి, ప్రకటించిన వేళకన్నా ముందే వేలం మొదలుపెట్టారని పట్టుబట్టి తిరిగి పాట పెట్టించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎంతవరకు నిజమైనా, ఆయన కంటి చూపు మాత్రం నిజం. బక్కచిక్కిన పిల్లలో ఎముక చూసి కొనే అలవాటు రోజూ సంతలో పశువుల మందలను చూసేవాడికి రాకపోతే ఎవరికి వస్తుంది? ఎక్లిప్స్ గెలుపులు తెలిశాక మార్స్క్ విలువ పెరుగుతుందని గ్రహించి, దిక్కూమొక్కూ లేకుండా పడి ఉన్న ఆ ముసలి తండ్రి గుర్రాన్ని కూడా చవకగా కొని, తరువాత మంచి ధరకు అబింగ్డన్ ప్రభువుకు అమ్మాడు. ఎక్లిప్స్‌ను మధ్యలో పెట్టుకుని వైల్డ్‌మన్, ఆయన ఇద్దరు కొడుకులు నిలబడిన బొమ్మను జార్జ్ స్టబ్స్ గీశాడు. గుర్రాన్ని పొరలు పొరలుగా కోసి చూసి 1766లో అనాటమీ పటాలు ప్రచురించిన చిత్రకారుడే ఆ స్టబ్స్. అందుకే ఆ బొమ్మలోని ఎముకల తీరును నేను పరీక్ష కాగితంలాగే నమ్ముతాను.

తరువాతి యజమాని డెన్నిస్ ఒకెల్లీ. ఐర్లండు నుంచి లండన్ వచ్చి పల్లకీ మోశాడు, అప్పులపాలై ఫ్లీట్ జైలులో గడిపాడు, అక్కడ షార్లెట్ హేస్ అనే వేశ్యాగృహాల యజమానురాలితో పరిచయమై, ఆ ఇద్దరూ కలిసి పైకొచ్చారు. మొదటి పందెం అయిన కొన్ని వారాలకు, 1769 జూన్‌లో, ఎక్లిప్స్‌లో సగం వాటాను 650 గినీలకు, తరువాత 1770 ఏప్రిల్‌లో మిగతా సగాన్ని 1,100 గినీలకు కొన్నాడు. అంత గొప్ప గుర్రం ఉన్నా, మిలీషియాలో కెప్టెన్ హోదా కొనుక్కున్నా, సుమారు 1750 నుంచి ఉన్న, రేసుల పెద్దల సంఘమైన జాకీ క్లబ్ ఆయనను చివరి వరకు సభ్యుడిగా చేర్చుకోలేదు. ఆ క్లబ్ ప్రభువులది. రాజు కొడుకు పుట్టించిన గుర్రాన్ని మాంసం వ్యాపారి పెంచి, పల్లకీ మోసినవాడు చేతిలో పెట్టుకుని, ఆ ప్రభువుల గుర్రాలన్నిటినీ ఓడించాడు. ధనవంతుల క్రీడగా పేరుపడిన తొలినాటి రేసుల చరిత్రలో ఈ వరుస నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది.

స్వభావం, శిక్షణ

ఈ కేసులో వైద్యుడిగా నేను ఎక్కువసేపు ఆగేది ఈ భాగం దగ్గరే.

ఎక్లిప్స్ పొగరుబోతు. మనిషిని దగ్గరకు రానిచ్చేది కాదు. దానికి విత్తులు తీయించాలన్న ఆలోచన గట్టిగానే జరిగింది. అది జరిగి ఉంటే నేటి థరోబ్రెడ్ జాతి రూపమే వేరుగా ఉండేది. ఏడాదికి కొన్ని డజన్ల పిల్లలకు ఈ శస్త్రచికిత్స చేసేవాడిగా చెబుతున్నాను, స్వభావం కారణంగా విత్తులు తీయడం తప్పేమీ కాదు. కరిచే గుర్రం సైస్ చేతి వేలును తీసేస్తుంది, కొట్టంలో తన కాలు తానే విరగ్గొట్టుకుంటుంది. శస్త్రచికిత్స తరువాత చాలా గుర్రాలు పని మీద మనసు పెడతాయి కూడా. కానీ వైల్డ్‌మన్ ఆ దారి పట్టకుండా గుర్రాన్ని మొండి గుర్రాలను లొంగదీసే ఒక రౌతుకు అప్పగించాడు. ఆ రౌతు పగలంతా స్వారీ చేసి, రాత్రిళ్ళు దొంగవేటకు కూడా దాని మీదే తిరిగేవాడని ఆ కాలపు వాళ్ళు రాశారు. అంత తిరుగుడుతో గుర్రం అలసి మనిషికి అలవాటుపడిందే గాని పూర్తిగా లొంగలేదు. దాన్ని ఎక్కువగా స్వారీ చేసిన జాన్ ఓక్లీ కళ్ళెం బిగబట్టకుండా, జీనులో కదలకుండా కూర్చుని, దాని ఇష్టానికి వదిలేసేవాడు. కొరడా గాని, ముల్లుగాని దానికి తగిలిన సందర్భం లేదంటారు. నోట్లో నొప్పి, వెన్నులో నొప్పి ఉన్న గుర్రాలు ఎన్నో 'పొగరుబోతు' అన్న ముద్రతో నా దగ్గరకు వస్తుంటాయి కాబట్టి ఓక్లీ తీరు నాకు బాగా అర్థమవుతుంది. గుర్రానికి నచ్చని పట్టు ఎక్కడుందో తెలుసుకుని అక్కడ చెయ్యి తీసేయడమే ఆయన చేసిన పని.

ఇక వయసు సంగతి. ఎక్లిప్స్ మొదటిసారి పందెంలో దిగేసరికి దానికి అయిదేళ్ళు. నాలుగు మైళ్ళ హీట్ల (ఒకే పందెంలో మళ్ళీ మళ్ళీ పరుగెత్తించే విడతల) కాలంలో అది సాధారణమే. ఈనాడు రెండేళ్ళకే దింపుతున్నాం. రెండేళ్ళ వయసులో వెన్నెముకలో ఎదుగుదల పలకలు ఇంకా మూసుకోవు. ముందుకాలి గొట్టపు ఎముక ముందువైపు వాచి నొప్పి పెట్టే షిన్ సోర్ కేసులు మా కొట్టాలలో ప్రతి సీజనూ చూస్తాం. అయితే న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి: చిన్న వయసులో తగుమాత్రం పరుగు ఎముకను గట్టిపరుస్తుందనీ, రెండేళ్ళకే పందెంలో దిగిన గుర్రాలు ఎక్కువకాలం పరుగులో నిలిచినట్టూ అధ్యయనాలు చూపుతున్నాయి. కాబట్టి "అయిదేళ్ళు ఆగితేనే మంచిది" అన్న సూత్రం ఈ కేసు నుంచి తీయడం సరికాదు. ఎదిగే ఎముక మీద భారం ఎంత, విశ్రాంతి ఎంత అన్నదే లెక్క. ఎక్లిప్స్ విషయంలో ఆ భారం నడక రూపంలో వచ్చింది. అది పరుగెత్తిన పందేల దూరం మొత్తం కలిపినా 63 మైళ్ళ వరకే ఉంటుందని, ఒక ఊరి పందెం నుంచి మరో ఊరి పందేనికి నడిచిన దూరం 1,400 మైళ్ళ దాకా ఉంటుందని లెక్కగట్టారు. రైళ్ళు లేవు, గుర్రాల లారీలు లేవు. ఎప్సమ్ నుంచి న్యూమార్కెట్, వించెస్టర్, సాల్స్‌బరీ, క్యాంటర్‌బరీ, లూయిస్, లిచ్‌ఫీల్డ్, యార్క్ వరకు నడిచే వెళ్ళింది. కాళ్ళ మీద పెద్ద భారం మోపే గ్యాలప్‌కన్నా, అంటే పూర్తి వేగపు పరుగుకన్నా, రోజంతా సాగే నడకలో స్నాయువులు, గిట్టలు ఎంత నెమ్మదిగా గట్టిపడతాయో, గాయం తరువాత గుర్రాన్ని తిరిగి పనిలోకి తెచ్చే ఏ ట్రైనర్‌కైనా తెలుసు. మేము స్నాయువు గాయానికి రాసే మందుచీటీలో మొదటి మూడు నెలలూ చేత్తో పట్టుకుని నడిపించడమే ఉంటుంది.

పందెంలో కనబడినది

1769 మే 3న ఎప్సమ్‌లో నాలుగు మైళ్ళ హీట్లు, అంటే ఒక్కోసారి 6.4 కిలోమీటర్ల పరుగు, రెండు హీట్లు గెలిచినవారికి బహుమతి. ఆ పందేనికి కొద్ది రోజుల ముందు వైల్డ్‌మన్ రహస్యంగా ఒక ట్రయల్ చేయించాడట. పందెం గుర్రాల గుట్టు తెలుసుకుని అమ్ముకునేవాళ్ళు లండన్ నుంచి వచ్చేసరికి అది అయిపోయింది. దారిలో కనబడిన ఒక ముసలమ్మను అడిగితే, తెల్లకాలున్న గుర్రమొకటి భయంకరమైన వేగంతో పోయిందనీ, దాని వెనక మరో గుర్రం చాలా దూరంలో వచ్చిందనీ, లోకం చివరి దాకా పరుగెత్తినా ఆ రెండోది మొదటిదాన్ని అందుకోలేదనీ చెప్పిందంటారు. ఆ కుడి వెనక కాలి తెలుపే ఈ గుర్రానికి గుర్తింపు కార్డు.

మొదటి హీట్ ఎక్లిప్స్ తేలిగ్గా గెలిచింది. రెండో హీట్‌కు ముందు ఒకెల్లీ లేచి గుర్రాలు ఏ వరుసలో వస్తాయో చెబుతానని పందెం కట్టి, ఎక్లిప్స్ మొదటిదనీ, మిగతావి ఎక్కడా లేవనీ అన్నాడు. ఆ మాటకు సాంకేతికమైన అర్థం ఉంది. గెలుపు స్తంభానికి 240 గజాల ముందు డిస్టెన్స్ స్తంభం ఉండేది. మొదటి గుర్రం ముగించేసరికి ఆ స్తంభాన్ని దాటని గుర్రాలకు స్థానమే ఇవ్వరు. మిగిలిన నాలుగు గుర్రాలకూ ఆ గతే పట్టింది, ఒకెల్లీ గెలిచాడు.

తరువాతి ఏడాదిన్నరలో రాజు పేర బహుమతి ఇచ్చే కింగ్స్ ప్లేట్ పందేలు 11 గెలిచింది. పరుగెత్తించడం దండగని పోటీదారులు తప్పుకోవడంతో కొన్ని పందేలు ఒంటరిగా నడిచే గెలిచింది. ఆరేళ్ళ గుర్రం ఆ ప్లేట్లలో 12 స్టోన్లు, అంటే సుమారు 76 కిలోలు మోయాలి. ఈనాడు మన రేసుల్లో మోసే భారంతో పోలిస్తే అది ఎంత బరువో ఏ జాకీనడిగినా చెబుతాడు. దాన్ని నిజంగా కొంత ఇబ్బంది పెట్టినది బ్యూసెఫాలస్ ఒక్కటే. పెరెగ్రిన్ వెంట్‌వర్త్‌కు చెందిన ఆ గుర్రం అప్పటికి ఓడిపోలేదు. 1770 ఏప్రిల్‌లో న్యూమార్కెట్‌లో ఆ రెండూ తలపడ్డాయి, బ్యూసెఫాలస్ కొంత దూరం గట్టిగా నిలబడి, చివర్లో ఓడింది. ఆ పరుగు నుంచి అది మళ్ళీ కోలుకోలేదంటారు.

పరుగెత్తేటప్పుడు ఎక్లిప్స్ ముక్కును నేలకు దగ్గరగా ఆనించి వెళ్ళేది. మరొక గుర్తు నాకు ఆసక్తి కలిగించేది: దానికి ఊపిరి దట్టంగా ఉండేదనీ, శ్వాస శబ్దం చాలా దూరం వినిపించేదనీ రాశారు. ఈనాడు ఇలాంటి ఫిర్యాదుతో గుర్రం వస్తే ముక్కులోంచి ఎండోస్కోప్ పంపి స్వరపేటిక చూస్తాను. ఎడమవైపు నరం దెబ్బతిని స్వరపేటిక తలుపు పూర్తిగా తెరుచుకోకపోతే గుర్రం ఊపిరి పీల్చినప్పుడు గర్జించినట్టు శబ్దం చేస్తుంది, దాన్ని రోరింగ్ అంటాం. పొడుగు మెడ గుర్రాల్లో అది ఎక్కువ. కానీ ఆ జబ్బు ముదిరిన గుర్రం 76 కిలోలతో నాలుగు మైళ్ళు పరుగెత్తలేదు. ఎక్లిప్స్ శబ్దం బయటికి ఊదేటప్పటిదైతే అది కేవలం ముక్కు పుటాల అదురుపాటు కావచ్చు, చాలా ఆరోగ్యమైన గుర్రాలకూ అది ఉంటుంది. ఈ వివరం ఒక్కటి మాత్రం నేను ప్రతి విద్యార్థికీ చెబుతాను, ఎందుకంటే చెవికి వినబడిన లోపం చూసి గుర్రాన్ని పక్కన పెట్టేసే తొందర మన వృత్తిలో ఇప్పటికీ ఉంది.

స్టడ్, ముసలితనం, చివరి జబ్బు

1771 నుంచి ఎప్సమ్ దగ్గరి క్లే హిల్‌లో ఒకెల్లీ దాన్ని స్టడ్‌కు, అంటే సంతానం కోసం ఆడ గుర్రాలకు కట్టడానికి, పెట్టాడు. డెర్బీ పందెం 1780లో మొదలైతే, 1781లో యంగ్ ఎక్లిప్స్, 1783లో సాల్ట్రమ్, 1784లో సార్జెంట్ అన్న దీని కొడుకులు ముగ్గురూ ఆ పందెం గెలిచారు. అయితే వంశాన్ని నిలిపింది డెర్బీ గెలిచినవాళ్ళు కాదు, పాట్-ఎయిట్-ఓస్, కింగ్ ఫెర్గస్ అన్న మరో ఇద్దరు కొడుకులు. ఒకెల్లీ 1787 చివర్లో చనిపోయాక గుర్రం ఆయన వారసుల చేతికి వచ్చి, ఎడ్జ్‌వేర్‌లోని క్యానన్స్ ఎస్టేటుకు మారింది. అంతదూరం నడిపించకుండా దానికోసం ప్రత్యేకంగా ఒక బండి కట్టించి, వేరే గుర్రాలతో లాగించి తీసుకువెళ్ళారు. 1,400 మైళ్ళు నడిచిన గుర్రాన్ని ముసలితనంలో కూర్చోబెట్టి మోశారన్నమాట.

చివరి జబ్బు కోలిక్. ఈ మాట ఒక జబ్బు పేరు కాదు, కడుపులో నొప్పి అన్న లక్షణం మాత్రమే, దాని వెనక యాభై కారణాలు ఉండవచ్చు. గుర్రం వాంతి చేసుకోలేదు, చిన్న పేగు మెలిపడితే వాయువు, ద్రవం అంతా వెనక్కి పొట్టలో చేరి పొట్ట పగిలే ప్రమాదం ఉంటుంది. ఆ రోజుల్లో చికిత్స అంటే రక్తం తీయడం, విరేచనం ఇవ్వడం, నడిపించడం. నేటి పద్ధతి వేరు. ముందు నాడి చూస్తాం. విశ్రాంతిలో నిమిషానికి 30 నుంచి 40 కొట్టుకోవలసిన గుండె 60 దాటితే జాగ్రత్తపడతాం, 80 దాటితే ఆపరేషన్ మాట ఎత్తుతాం. చిగుళ్ళ రంగు చూస్తాం, ముక్కులోంచి గొట్టం వేసి పొట్ట ఖాళీ చేస్తాం, నొప్పికి ఇంజక్షన్ ఇచ్చి అది ఎంతసేపు పనిచేస్తుందో చూస్తాం.

ఒకసారి ఒక స్టడ్ ఫామ్ నుంచి ఇరవై దాటిన మగ గుర్రానికి కడుపు నొప్పని అర్ధరాత్రి ఫోను వచ్చింది. నేను వెళ్ళేసరికి నేల మీద పడి పొర్లడం మానేసి తల వంచుకుని నిలబడి ఉంది, చిగుళ్ళు ఇటుకరాయి రంగుకు తిరిగాయి, చెవులు చల్లగా ఉన్నాయి. గొట్టం వేయగానే బకెట్టు నిండా పచ్చని ద్రవం వచ్చింది. నొప్పి తగ్గినట్టు కనబడడం అక్కడ మంచి గుర్తు కాదు, పేగు చచ్చిపోతోందని అర్థం. శవపరీక్షలో చిన్న పేగుకు కాడలాంటి తీగతో వేలాడే కొవ్వు గడ్డ ఒకటి ఉరిలా చుట్టుకుని కనబడింది. దాన్ని లైపోమా అంటాం, ముసలి గుర్రాలలో ప్రాణం తీసే కోలిక్‌కు తరచుగా కనబడే కారణం అదే. ఎక్లిప్స్‌కు అదేనని చెప్పే ఆధారం ఏదీ లేదు, నేను చెప్పను కూడా. కానీ 24 ఏళ్ళ మగ గుర్రం కోలిక్‌తో పోయిందని ఎవరు అన్నా, నా మనసులో మొదట మెదిలేది ఆ కొవ్వు గడ్డే.

శవపరీక్ష, గుండె, లెక్కలు

శవపరీక్ష చేసినవాడు షార్ల్ వియాల్ ద సెంబెల్, ఫ్రాన్సులోని లియోన్ పశువైద్య పాఠశాలలో చదువుకున్న వైద్యుడు. ఇంగ్లండులో అప్పటికి పశువైద్య కళాశాల ఒక్కటీ లేదు. గుర్రాలకు వైద్యం చేసేది లాడాలు కొట్టేవాళ్ళే. ఈ శవపరీక్షతో వచ్చిన పేరు ఆయనకు ఉపయోగపడింది. 1791లో లండన్‌లో వెటర్నరీ కాలేజీ స్థాపించినప్పుడు ఆయనే మొదటి ప్రొఫెసర్ అయ్యాడు. రెండేళ్ళకే, 1793లో, చనిపోయాడు, గుర్రాల నుంచి మనుషులకు అంటుకునే గ్లాండర్స్ అనే జబ్బు సోకిందంటారు. మా వృత్తికి ఇంగ్లండులో ఒక ఇల్లు ఏర్పడటానికి ఈ గుర్రం శవం కూడా ఒక కారణం కాబట్టి, ఈ కేసును నేను ఒట్టి చరిత్రగా చదవలేను.

గుండె 14 పౌన్లు తూగిందని నమోదైంది, అంటే 6.35 కిలోలు. ఆరోగ్యమైన థరోబ్రెడ్ గుండె శరీర బరువులో సుమారు ఒక శాతం, నాలుగు నుంచి అయిదు కిలోల వరకు ఉంటుంది కాబట్టి ఇది పెద్దదే. ఆస్ట్రేలియాలో క్యాన్‌బెర్రా మ్యూజియంలో పెట్టిన ఫార్ లాప్ అనే రేసు గుర్రం గుండె కూడా ఆరు కిలోలు దాటుతుంది. 1989లో చనిపోయిన అమెరికా గుర్రం సెక్రటేరియట్ గుండె 22 పౌన్లని ఊరూరా చెబుతారు గాని, దాన్ని త్రాసులో వేసినవారు ఎవరూ లేరు, శవపరీక్ష చేసిన వైద్యుడు కంటితో వేసిన అంచనా అది. పెద్ద గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎక్కువ రక్తం పంపుతుంది, దూరపు పరుగుకు అది నిజంగా ఉపయోగమే. అయితే శవపరీక్షలో గుండె బరువు చూసేటప్పుడు గదుల్లో గడ్డకట్టిన రక్తం తీశారా, ధమనుల మొదళ్ళు ఎంతవరకు కత్తిరించారు, గుర్రానికి కవాటాల జబ్బు ఉందా అన్న ప్రశ్నలు వేయాలి. ముసలి గుర్రాలలో బృహద్ధమని కవాటం కారడం మామూలే, కారే కవాటం వెనక గుండె ఏళ్ళ తరబడి సాగి పెద్దదవుతుంది. 24 ఏళ్ళ గుర్రం గుండె, అది ఆరేళ్ళ వయసులో పరుగెత్తిన గుండె కాదు. ఆ ఒక్క అంకెను ఆధారంగా పెట్టుకుని రెండున్నర శతాబ్దాల కిందటి గెలుపులను వివరించడం వైద్యశాస్త్రం ఒప్పుకునే పని కాదు.

సెంబెల్ గుర్రం తల పొడవును కొలమానంగా పెట్టుకుని శరీరమంతా కొలిచి, 1791లో ఆ నిష్పత్తులను పుస్తకంగా ప్రచురించాడు. అందులో ఒక లెక్క ఉంది: ఒక్కో అంగకు 25 అడుగులు, క్షణానికి రెండుంబావుకు కొంచెం పైగా అంగలు, ఆ చొప్పున నాలుగు మైళ్ళు 6 నిమిషాల 2 సెకన్లలో. గుణించి చూస్తే గంటకు 64 కిలోమీటర్లు వస్తుంది. ఎప్సమ్ డెర్బీలో 2010లో వర్క్‌ఫోర్స్ అనే గుర్రం నెలకొల్పిన రికార్డు 2 నిమిషాల 31.33 సెకన్లు, అది గంటకు 57, 58 కిలోమీటర్ల వేగం, అదీ నాలుగు మైళ్ళలో మూడో వంతు కాస్త మించిన దూరానికి. కాబట్టి సెంబెల్ లెక్కలోని అంగ పొడవు, అంగల సంఖ్య ఒక గుర్రం కొద్ది క్షణాలు అందుకోగలిగినవే గాని, ఆరు నిమిషాలపాటు ఏ గుర్రమూ నిలబెట్టలేనివి. లెక్క తప్పు కాదు, దాన్ని పొడిగించిన దూరం తప్పు.

రెండు శతాబ్దాల తరువాత, రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు భద్రపరిచిన ఎక్లిప్స్ అస్థిపంజరం ముందుకాళ్ళను స్కాన్ చేసి నమూనాలు కట్టి చూశారు. వాళ్ళకు కనబడినది అసాధారణం కాదు. నేటి థరోబ్రెడ్‌తో పోలిస్తే కొంచెం చిన్నది, అంతకుమించి కాళ్ళ కొలతలన్నీ సగటుకు దగ్గరే. ఏ ఒక్కటీ ఎక్కువ తక్కువ కాకుండా అన్నీ సరిగ్గా కుదిరి ఉండడమే దాని బలమని వాళ్ళ అభిప్రాయం. నాకు ఇది పూర్తిగా సమ్మతమే. మా కొట్టాలలో ఎక్కువకాలం నిలిచి గెలిచే గుర్రాలను గమనిస్తే, కంటికి పట్టేంత గొప్ప అవయవం ఉన్నవి తక్కువ. ఏ కీలు మీదా అదనపు భారం పడని గుర్రాలే ఎక్కువ.

జన్యువుల వైపు నుంచి ఒక ముఖ్యమైన సంగతి. కండరాల పెరుగుదలను అదుపు చేసే మయోస్టాటిన్ జన్యువులో ఒక మార్పు పొట్టి దూరపు వేగానికి తోడ్పడుతుంది. 2012లో ప్రచురించిన ఒక పరిశోధనలో 1764కూ 1930కీ మధ్య పుట్టిన 12 చారిత్రక మగ గుర్రాల ఎముకలను, పళ్ళను పరీక్షిస్తే, ఆ వేగపు రూపం అప్పట్లో అరుదని, ఓర్పు రూపమే ప్రధానమని తేలింది. వేగపు రూపం తరువాతి కాలంలో, ముఖ్యంగా 1954లో పుట్టిన నియర్‌క్టిక్ అనే మగ గుర్రం సంతానం ద్వారా విస్తరించింది. ఎక్లిప్స్ నాటి పందెం 6.4 కిలోమీటర్లు, మలక్‌పేటలో మనం చూసే పరుగుల్లో చాలావరకు దానిలో నాలుగో వంతు. మగ వైపు వంశం పట్టుకుంటే నేటి థరోబ్రెడ్‌లలో సుమారు 95 శాతం డార్లీ అరేబియన్‌ దాకా పోతాయి, ఆ దారి ఎక్లిప్స్ మీదుగానే. మలక్‌పేట కొట్టాలలో నేను రోజూ చూసే గుర్రాలు కూడా అందులోవే. ఆ వంశంలో మనం దాచుకున్నది పేరు, మార్చేసింది పని. నాలుగు మైళ్ళకు తయారైన శరీరాన్ని ఒకటిన్నర నిమిషం పరుగుకు మలిచాం. గాయాల తీరు కూడా దాంతోపాటే మారింది.

అవశేషాలు

అస్థిపంజరం ఇప్పుడు హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ హాక్స్‌హెడ్ క్యాంపస్‌లో ఉంది. గిట్టల కథ వేరు. బంగారం తొడిగిన ఒక గిట్టను నాలుగో విలియం రాజు 1832లో జాకీ క్లబ్‌కు బహూకరించాడు. ఒకెల్లీని లోపలికి రానివ్వని క్లబ్ అదే. ఎక్లిప్స్ గిట్టలని చెప్పుకునేవి మాత్రం నాలుగుకన్నా ఎక్కువే ఉన్నాయి.

పాదం చూసే వైద్యుడికి ఇది చిన్న నష్టం కాదు. గిట్ట పైపెంకు మీద పెరుగుదల గీతలు ఉంటాయి. గుర్రానికి గిట్టవాపు జబ్బు వచ్చి ఉంటే ఆ గీతలు మడమ వైపు దూరంగా, ముందువైపు దగ్గరగా వంగి కనబడతాయి, మునివేలి గోడ లోపల తెల్లగీత వెడల్పవుతుంది. క్యానన్స్‌కు దాన్ని నడిపించకుండా బండిలో ఎందుకు తీసుకువెళ్ళారో, అది ముసలి గుర్రం మీద చూపిన దయో, నడవలేని పాదాల వల్లో, ఆ నాలుగు అసలైన గిట్టలను పక్కపక్కన పెట్టి చూస్తే పది నిమిషాల్లో చెప్పగలం. ఏవి అసలైనవో డీఎన్‌ఏతో తేల్చి, వాటిని ఆ అస్థిపంజరం కాళ్ళ దగ్గరికి ఒక్కరోజుకైనా చేర్చాలన్నది ఈ కేసులో నేను సూచించే తరువాతి పరీక్ష.